తొమ్మిదో వంతా, మూడో వంతా? లా కాలేజీ లైబ్రరీలో ఒక పంపకాల దావా

ఇది లైబ్రరీ వైపు నుంచి రాస్తున్న కేసు. దావా వేసింది నేను కాదు, వాదిస్తున్నదీ నేను కాదు. కోస్తా ఆంధ్రలో ఒక లా కాలేజీకి లైబ్రేరియన్‌ని. మా కౌంటర్ దగ్గరికి వచ్చిన ఒక ప్రశ్న కొన్ని నెలల్లో ఎన్ని మలుపులు తిరిగిందో, మధ్యలో నా వల్ల ఏం పొరపాటు జరిగిందో, రిజిస్టర్లో రాసుకున్నవి చూసుకుంటూ చెబుతాను. కక్షిదారును ఎవరూ పోల్చుకోకుండా ఊరి వివరాలు తీసేశాను, కొన్ని అంకెలు మార్చాను. వాటాల లెక్క మాత్రం అసలు కేసులో ఉన్నట్టే ఉంది.

2023 కార్తీక మాసంలో ఒక సోమవారం. పిల్లలు సగం మంది గుడికెళ్లారు, రీడింగ్ హాల్ బోసిగా ఉంది. ఐదేళ్ల కిందట మా దగ్గరే చదివి, ఇప్పుడు జిల్లా కోర్టులో ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేస్తున్న అమ్మాయి వచ్చింది. నల్లకోటు మడిచి చేతి మీద వేసుకుంది.

“సార్, హిందూ సక్సెషన్ యాక్ట్ మీద మంచి పుస్తకం ఒకటి ఇవ్వండి. మధ్యాహ్నంలోగా చూసి వెళ్లిపోతాను.”

కౌంటర్ దగ్గర మొదట అడిగేది అసలు ప్రశ్న అవడం అరుదు. అందుకే పుస్తకం కోసం లేవలేదు.

“ఏమ్మా, కూతురి వాటానా, భార్య వాటానా?”

“కూతురిదే సార్.”

“పెళ్లెప్పుడయింది? తండ్రి ఎప్పుడు పోయాడు? పారీఖత్తు, అదే పంపకాల కాగితం, రిజిస్టరయిందా?”

లాయర్ని కాను కాబట్టి నేను సలహా ఇవ్వకూడదు, ఇవ్వను. కానీ ఈ మూడు తేదీలు తెలియకపోతే 346.54 అనే వర్గీకరణ నంబరున్న అరల్లో ఏ పుస్తకం తియ్యాలో నాకే తెలియదు. వారసత్వ చట్టం అంతా తేదీల మీద నడుస్తుంది.

సంగతి ఇదీ. కక్షిదారు అరవై దాటిన పెద్దావిడ. పెళ్లి 1982లో. తల్లి ముందే పోయింది. తండ్రి 1998లో వీలునామా రాయకుండా పోయాడు. ఇద్దరు అన్నదమ్ములు. పిత్రార్జితంగా వచ్చిన మాగాణిలో 80 సెంట్లు 2001లో అన్నదమ్ములు రిజిస్టర్ చేసి అమ్మేశారు. మిగిలింది 4 ఎకరాల 59 సెంట్లు. ఆవిడ వాటా అడిగితే వాళ్లు చెప్పిన మాట: “1994లోనే పెద్దల్లో పెట్టి పంచుకున్నాం. నాన్న తన భాగం కూడా మాకే వదిలేసి తిండిగింజలకు ఒప్పుకున్నాడు. నీకు పెళ్లప్పుడే పసుపు కుంకుమల కింద ఇవ్వాల్సింది ఇచ్చేశాం.” పంపకానికి తెల్లకాగితం ఉంది, దాని మీద పెద్దల సంతకాలున్నాయి, రిజిస్ట్రేషన్ లేదు. అన్నదమ్ములిద్దరికీ ఎవరి పట్టాదారు పాసుపుస్తకం వాళ్లకుంది.

అమ్మాయి ఫోన్ తీసి చూపించింది. చాట్‌బాట్‌ని అడిగితే ఆరు సైటేషన్లు, అంటే ఏ తీర్పు ఏ సంపుటంలో ఉందో చెప్పే ఆనవాళ్లు, ఇచ్చిందట. కాగితం మీద రాయించి, ఒక్కోటీ తీశాం. ఏడాది, సంపుటం, పేజీ, ఈ మూడూ పట్టుకుని అర దగ్గరికి వెళ్తే రెండు నిమిషాల పని. నాలుగు నిజమైనవే. ఐదోదాని పేజీ తెరిస్తే అక్కడ ఎవరిదో ఉద్యోగుల సీనియారిటీ గొడవ, అదీ తీర్పు మధ్యలో. ఆరోదానిలో వాది ప్రతివాదుల పేర్లు ఆ ఏడాది సూచికలోనే లేవు. అదే ఏడాది జూన్‌లో న్యూయార్క్‌లో మాటా వర్సెస్ ఏవియాంకా కేసులో, లేని తీర్పులు కోర్టుకిచ్చిన లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. ఆ సంగతి చెబితే అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంది. తిట్టాలని చెప్పలేదు. నాలుగు నిజమైనవి ఉండబట్టే మిగతా రెండూ నమ్మబుద్ధి అవుతాయి, అదీ ఇబ్బంది.

1985 అనే తేదీ

మొదటి చిక్కు మన రాష్ట్రం తెచ్చినదే. రాష్ట్ర చట్టాల పాత బౌండ్ వాల్యూమ్ తీసి 29-ఎ సెక్షన్ చదివింది. ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో 1986లో చేసిన 13వ నంబరు చట్టం అది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో సహదాయాది, అంటే ఉమ్మడి ఆస్తిలో హక్కుదారు, అని దేశంలో ముందుగా చెప్పింది మనమే. కేరళ 1975లో ఉమ్మడి కుటుంబాన్నే రద్దు చేసి వేరే దారి పట్టింది. మన బాటలో తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో నడిచాయి. కానీ మన చట్టంలో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతురికి ఇది వర్తించదు. ఆవిడ పెళ్లి 1982.

“అయితే అయిపోయినట్టే కదా సార్” అంది.

మన వైపు చాలామంది వకీళ్ల తలల్లో ఇప్పటికీ ఈ 1985 గూడుకట్టుకుని ఉంది. ఊళ్లలో పెద్దమనుషులు కూడా “ఎన్టీఆర్ చట్టం ముందు పెళ్లా, తర్వాత పెళ్లా?” అనే అడుగుతారు. కానీ 2005లో పార్లమెంటు 39వ నంబరు చట్టంతో హిందూ సక్సెషన్ యాక్ట్ ఆరో సెక్షన్నే తిరగరాసింది. అది 2005 సెప్టెంబరు 9 నుంచి అమలు. అందులో పెళ్లయిన కూతురు, కాని కూతురు అన్న తేడా లేదు. వారసత్వం ఉమ్మడి జాబితాలోది కాబట్టి, తర్వాత వచ్చిన కేంద్ర చట్టానికి విరుద్ధంగా ఉన్న రాష్ట్ర నిబంధన నిలవదు. రాజ్యాంగం 254వ అధికరణం. ఇది సలహా కాదు, బేర్ యాక్ట్ (వ్యాఖ్యానం లేని చట్టం పాఠం) రెండూ పక్కపక్కన పెట్టి చూపించానంతే.

ఇలా పక్కపక్కన పెట్టి చూడటం అరల దగ్గర తేలిక. రాష్ట్ర చట్టాల సంపుటం అట్ట మీద ఏ సంవత్సరం వరకు ఉందో రాసి ఉంటుంది. దాని తర్వాత ఏమొచ్చిందో వెతకాలని ఆ అట్టే గుర్తుచేస్తుంది. ఫోన్‌లో సెక్షన్ ఒంటరిగా వచ్చి నిలబడుతుంది, దాని వయసు కనపడదు.

నా పొరపాటు

పెళ్లి తేదీ చిక్కు తీరింది, తండ్రి పోయిన తేదీ మిగిలింది. ఇక్కడ పొరపాటు జరిగింది, అది నాదే.

మా కాలేజీకి ఆన్‌లైన్ తీర్పుల డేటాబేస్ చందా ఉంది. ఏటా కట్టే డబ్బులో పెద్ద భాగం దానికే పోతుంది. అది క్యాంపస్ నెట్‌వర్క్ మీద మాత్రమే తెరుచుకుంటుంది, విద్యార్థులకు, అధ్యాపకులకు మాత్రమే అని నేను ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాను. అమ్మాయి పాత విద్యార్థి, ఇప్పుడు బయటి మనిషి. “రూల్ ఒప్పుకోదమ్మా” అన్నాను. ఆ స్క్రీన్ ముందు కూర్చోనిచ్చి ఉంటే, తీర్పు పేరు పక్కనే ‘ఓవర్‌రూల్డ్’ (తర్వాతి తీర్పు కొట్టేసింది) అన్న ఎర్ర గుర్తు కనపడేది.

కూర్చోనివ్వలేదు. రిఫరెన్స్ అరలోంచి హిందూ లా మీద వ్యాఖ్యాన గ్రంథం తీసిచ్చాను. బరువైన పుస్తకం, మంచి పేరున్నదే. టైటిల్ పేజీ వెనక ముద్రణ సంవత్సరం చూడకుండానే ఇచ్చాను. అది 2020కి ముందు ఎడిషన్.

అందులో ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి గురించి వివరంగా ఉంది. 2015 అక్టోబరు 16న ఇద్దరు జడ్జీల బెంచ్ ఇచ్చిన తీర్పు. 2005 సెప్టెంబరు 9 నాటికి కూతురూ బతికుండాలి, తండ్రీ బతికుండాలి, అప్పుడే కొత్త హక్కు అని చెప్పింది. ఆ కింద ఫుట్‌నోట్‌లో 2018 ఫిబ్రవరి 1న వచ్చిన దానమ్మ వర్సెస్ అమర్ ప్రస్తావన ఉంది. అందులో తండ్రి 2001లోనే పోయినా కూతుళ్లకు వాటా ఇచ్చారు. అదీ ఇద్దరు జడ్జీల బెంచే. రెండూ పొసగవు. పుస్తకం కూడా ‘ఈ విషయం ఇంకా తేలాల్సి ఉంది’ అన్న ధోరణిలో వదిలేసింది.

అమ్మాయి జాగ్రత్తపరురాలు. తేలనప్పుడు కక్షిదారుకు తక్కువే చెప్పడం మంచిదనుకుంది. పాత చట్టం ప్రకారం లెక్క వేసింది. తండ్రి పోయిన రోజున తండ్రి, ఇద్దరు కొడుకుల మధ్య పంపకం జరిగినట్టు ఊహించుకుంటే తలా మూడో వంతు. తండ్రి మూడో వంతు ముగ్గురు పిల్లలకు. అంటే ఆవిడకు తొమ్మిదో వంతు. 4 ఎకరాల 59 సెంట్లలో 51 సెంట్లు. కాగితం మీద రెండు గీతలు గీసి మరీ 51 అని రాసుకుంది. జెరాక్స్ పదకొండు పేజీలు, డబ్బు కట్టి వెళ్లిపోయింది.

అదే గ్రంథం కొత్త ఎడిషన్ అప్పటికి మా లైబ్రరీలోనే ఉంది. నా గదిలో, కిటికీ పక్క బల్ల మీద, ఆగస్టులో వచ్చిన నలభై పుస్తకాల దొంతరలో. ఇన్‌వాయిస్‌లో ఒక పుస్తకం ధర ఆర్డరుతో సరిపోలేదు. బిల్లు ఆఫీసుకీ నా బల్లకీ మధ్య తిరుగుతూ ఉంది. బిల్లు పాసయితే గానీ అక్సెషన్ నంబరు (లైబ్రరీ లెక్కలో పుస్తకానికిచ్చే నంబరు) వెయ్యను, నంబరు లేకుండా అరలోకి పంపను. నా రూలే.

ముద్ర వేస్తున్నప్పుడు

ఎనిమిది రోజుల తర్వాత బిల్లు పాసయింది. లైబ్రరీ పని తెలియనివాళ్ల కోసం: ప్రతి పుస్తకంలో టైటిల్ పేజీ మీద ఒక ముద్ర, దాంతోపాటు లోపల ఒక ‘రహస్య పేజీ’ మీద ఇంకో ముద్ర వేస్తాం. ఎవరైనా మొదటి పేజీ చించేసినా పుస్తకం మాదేనని తేల్చుకోవడానికి. మా రహస్య పేజీ ఏ పుస్తకంలోనైనా ఒకటే నంబరు. ఈ గ్రంథంలో ఆ నంబరు తీర్పుల పట్టికలో పడింది. ముద్ర కొట్టబోతూ, ఇంకు ఎక్కడ అంటుతుందోనని చూస్తే, ‘వి’ కింద వినీతా శర్మ వర్సెస్ రాకేశ్ శర్మ, పక్కన 2020.

పాత ఎడిషన్ తెచ్చి పక్కన పెట్టాను. అందులో ఆ పేరు లేదు. ఉండదు కూడా. తీర్పు వచ్చింది 2020 ఆగస్టు 11న. జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎం.ఆర్. షా, ముగ్గురి బెంచ్. (ఆ నజీర్ గారే 2023 ఫిబ్రవరిలో మన గవర్నర్ అయ్యారు.) ఫూలవతి తీర్పు చెల్లదని చెప్పారు. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, తండ్రి 2005 నాటికి బతికుండాల్సిన పనిలేదు. తండ్రి పోయినప్పుడు లెక్క కోసం ఊహించుకునే పంపకం అసలు పంపకం కాదు, దాంతో ఉమ్మడి ఆస్తి విడిపోయినట్టు కాదు అని కూడా తేల్చారు.

లెక్క మళ్లీ వేశాను, నా కోసం. తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు: తలా నాలుగో వంతు. తండ్రి నాలుగో వంతు ముగ్గురికీ. మొత్తం మీద ఆవిడకు మూడో వంతు. 1 ఎకరం 53 సెంట్లు.

ఫోన్ చేశాను. అమ్మాయి కోర్టు వరండాలో ఉన్నట్టుంది, వెనక కేసులు పిలుస్తున్న కేక వినపడుతోంది. “నేనిచ్చిన పుస్తకం పాతదమ్మా” అన్నాను. రెండు క్షణాలు మాట రాలేదు. తర్వాత, “సార్, వాళ్లు 51 సెంట్లకు రేటు మాట్లాడేసుకున్నారు. ఆవిడ ఎల్లుండి రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తోంది. హక్కు విడుదల దస్తావేజు రాసి ఉంది.”

నాకు ఆ రోజు అన్నం సహించలేదు. సాయంత్రం అమ్మాయే ఫోన్ చేసింది. సీనియర్ గారు స్వయంగా ఊరికి మనిషిని పంపి ఆపించారట. సంతకం పడలేదు.

పేరా నంబరు దగ్గర తగాదా

మర్నాడు సీనియర్ గారే వచ్చారు, కూడా అమ్మాయి. ఆయన నన్నేమీ అనలేదు. “ఏ పేరా అండీ?” అని అడిగారు, అంతే. ఆయన ఫోన్‌లో సుప్రీంకోర్టు సైట్ నుంచి దించుకున్న కాపీ ఉంది. అందులో ముగింపు 129వ పేరా. నేను తెచ్చిన ఎస్‌సీసీ (‘సుప్రీంకోర్టు కేసెస్’, తీర్పులు అచ్చువేసే సంపుటాలు) 2020 తొమ్మిదో సంపుటం మొదటి పేజీ నుంచి ఉన్న అదే తీర్పులో ముగింపు 137వ పేరా. ఒక నిమిషం ఇద్దరం ఒకరి కాపీని ఒకరు అనుమానించాం.

తీర్పు ఒకటే, పేరాలు విడగొట్టినవాళ్లు వేరు. ప్రచురణకర్తలు పెద్ద పేరాలను విరగ్గొట్టి, తమ నంబర్లు వేసుకుంటారు. పైన హెడ్‌నోట్ అనే సారాంశం రాస్తారు. ఇది వాళ్ల సొంత సరుకా, కోర్టుదా అన్న వివాదం కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి. మోదక్, 2007 డిసెంబరు. తీర్పు పాఠం అందరిదీ, కానీ హెడ్‌నోట్లు, పేరాలు విడగొట్టడం వంటి ఎడిటింగ్ పని ప్రచురణకర్తది అని చెప్పారు. అందుకే మా జెరాక్స్ కుర్రాడికి ఒక మాట చెప్పి ఉంచాను: కోర్టులో వేసే కాపీకి తీర్పు పాఠం ఎన్ని పేజీలైనా తియ్యి, పుస్తకం మొత్తం మాత్రం కాదు. మెమోలో ఏ రిపోర్టర్ (తీర్పుల సంపుటాల వరుస) పేరా నంబరు రాస్తే ఆ రిపోర్టర్ కాపీనే జత చెయ్యాలని సీనియర్ గారు అమ్మాయితో నోట్ చేయించారు. 129 అని రాసి ఎస్‌సీసీ ఇస్తే జడ్జిగారు వేరే చోట వెతుక్కుంటూ కూర్చుంటారు.

ఆ పేరా అయిదో భాగమే ఈ దావాకు ప్రాణం. 1994 నోటి పంపకం నిలుస్తుందా? 2005 చట్టం ‘పంపకం’ అంటే రిజిస్టరయిన దస్తావేజు గానీ కోర్టు డిక్రీ గానీ అని వివరణ ఇచ్చింది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన వాటిని ముట్టుకోబోమంది. బిల్లు రాజ్యసభలో పెట్టిన రోజది. బిల్లు వస్తోందని తెలిసి పాత తేదీలతో పంపకాలు సృష్టిస్తారేమోనన్న భయం దాని వెనక ఉంది. నోటి పంపకాన్ని మామూలుగా ఒప్పుకోకూడదు, కానీ ప్రభుత్వ పత్రాలతో గట్టిగా రుజువై, డిక్రీతో జరిగిన పంపకంలాగే తేలితే అరుదుగా ఒప్పుకోవచ్చు, ఒట్టి నోటి సాక్ష్యం మీదైతే తోసిపుచ్చాలి అని వినీతా శర్మలో ఉంది.

“అదే కదండీ వాళ్ల పట్టు. పాసుపుస్తకం పబ్లిక్ డాక్యుమెంటే అంటారు” అన్నారు సీనియర్ గారు.

దాంతో వెతుకులాట మారింది. 1971 నాటి 26వ నంబరు చట్టం, పట్టాదారు పాసుపుస్తకాలది, తీశాం. ఆరో సెక్షన్ ప్రకారం రికార్డు ఎంట్రీ నిజమేనని భావిస్తారు, కానీ కాదని రుజువు చేసేదాకానే. ఆ తర్వాత సవర్ణి వర్సెస్ ఇందర్ కౌర్, 1996 ఆరో ఎస్‌సీసీ, 223వ పేజీ. రెవెన్యూ రికార్డులో పేరు మారితే హక్కు పుట్టదు, పోదు అన్న మాటకు ఎప్పుడూ పట్టుకొచ్చే తీర్పు. ఆ సంపుటంలో సరిగ్గా ఆ పేజీలు నలిగి, అంచులు నల్లబడి ఉన్నాయి. మా లైబ్రరీలో ఏ తీర్పు ఎక్కువ వాడకంలో ఉందో తెలుసుకోవడానికి కంప్యూటర్ లెక్కలు అక్కర్లేదు.

80 సెంట్ల సంగతి త్వరగానే తేలింది. 2001లో రిజిస్టరయిన అమ్మకం కాబట్టి 2005 చట్టం పట్టుకుని దాని జోలికి వెళ్లలేరు. సీనియర్ గారు దాన్ని దావా ఆస్తుల షెడ్యూల్లోంచి తీసేశారు. కొన్నవాళ్లను లాగితే దావా పదేళ్లు సాగుతుందన్నది ఆయన లెక్క.

బ్లేడు

మన రాష్ట్రం నుంచే వెళ్లిన రెండు తీర్పులు కావాలన్నారు. ఒకటి గండూరి కోటేశ్వరమ్మ వర్సెస్ చాకిరి యానాది, 2011 తొమ్మిదో ఎస్‌సీసీ, 788. వాటాలు తేల్చే ప్రిలిమినరీ డిక్రీ 1999లోనే వచ్చేసినా, ఆస్తి విడగొట్టే ఫైనల్ డిక్రీ కాలేదు కాబట్టి 2005 చట్టం కింద కూతుళ్లకు వాటా మార్చి ఇవ్వాల్సిందేనన్నారు. అది వెంటనే దొరికింది. రెండోది దానికి ఆధారంగా చూపించిన పాత తీర్పు, ఎస్. సాయిరెడ్డి వర్సెస్ ఎస్. నారాయణరెడ్డి, 1991 మూడో ఎస్‌సీసీ, 647. మన 29-ఎ సెక్షన్ మీదే వచ్చింది.

సంపుటం తీశాను. 646 తర్వాత నేరుగా వేరే కేసు. కుట్టు దగ్గర పేజీలు బ్లేడుతో నీట్‌గా కోసి ఉన్నాయి, అంచు ఒక మిల్లీమీటరు మాత్రం మిగిలింది. వేలితో తడిమితే రంపంలా తగులుతుంది. ఎవడో పరీక్ష ముందు చేసిన పని. అయిదు రూపాయల జెరాక్స్‌కి బద్ధకించి, తర్వాత ముప్పయ్యేళ్లు వచ్చేవాళ్లందరికీ లేకుండా చేశాడు. ఈ విషయంలో మాత్రం నాకు క్షమించే గుణం లేదు.

ఒకే తీర్పు ఎస్‌సీసీలో, ఏఐఆర్‌లో, కోర్టు వాళ్ల సొంత ఎస్‌సీఆర్‌లో వేర్వేరు పేజీల్లో ఉంటుంది. ఏఐఆర్ (ఆలిండియా రిపోర్టర్) 1914 నుంచి, ఎస్‌సీఆర్ 1950 నుంచి, ఎస్‌సీసీ 1969 నుంచి. ఒకచోట పోతే ఇంకోచోట దొరుకుతుందన్నది లైబ్రరీ ధైర్యం. మా ఏఐఆర్ 1991 బైండింగ్‌కి వెళ్లింది. చివరకు అమ్మాయి తన ఫోన్‌లోనే ఈ-ఎస్‌సీఆర్ తెరిచింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఉచితంగా పెట్టిన సైట్ అది, మొదట్లోనే దాదాపు 34 వేల తీర్పులతో. పార్టీ పేరుతో వెతికితే వచ్చేసింది, అచ్చు ఎస్‌సీఆర్ పేజీలే. ఆ ప్రింటు తీసి, మా సంపుటంలో కోసిన చోట మడిచి అతికించాను. బైండర్ చూస్తే నవ్వుతాడు గానీ, ఉంది.

1866

జవాబు దావా దాఖలయ్యాక అమ్మాయి మళ్లీ వచ్చింది. అవతలి వకీలు పెద్దాయన, పాతకాలం మనిషి. నోటి పంపకం చెల్లుతుందని చెప్పడానికి అప్పోవియర్ వర్సెస్ రామసుబ్బ అయ్యన్ ఉదహరించారు. బ్రిటిష్ కాలంలో మనకు చివరి అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్, 1866. పొలం గట్లు వేసి పంచుకోకపోయినా, వాటాలు ఎవరివెంతో నిర్ణయించుకుంటే చాలు, ఉమ్మడి విడిపోయినట్టే అన్న తీర్పు.

అమ్మాయి ఐఎల్ఆర్ (ఇండియన్ లా రిపోర్ట్స్) మద్రాసు సంపుటాల దగ్గర గంట వెతికింది. ఆ సంపుటాలు మా దగ్గర ఉన్నందుకు కారణం ఉంది. మనకు సొంత హైకోర్టు గుంటూరులో 1954 జూలై 5న వచ్చింది. అంతకుముందు మద్రాసు హైకోర్టు చెప్పిన తీర్పులు మనకూ కట్టుబాటేనని 1955లో ఫుల్ బెంచ్ చెప్పింది. అందుకని పాత లైబ్రేరియన్లు మద్రాసు సంపుటాలు పారేయలేదు. కానీ 1866 తీర్పు వాటిలో దొరకదు.

“ఐఎల్ఆర్ మొదలైందే 1876లోనమ్మా” అన్నాను. ఆమె నుదురు కొట్టుకుంది.

దాని చోటు మూర్స్ ఇండియన్ అపీల్స్, 11వ సంపుటం, 75వ పేజీ. అది మా దగ్గర లేదు. ఒక పాత యూనివర్సిటీ లా లైబ్రరీలో పనిచేసే మిత్రుడికి ఫోన్ చేస్తే, బీరువా తాళం కోసం అరగంట తిరిగి, పేజీలు ఫోటోలు తీసి పంపాడు. పసుపుపచ్చ కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు, మూలన మిత్రుడి బొటనవేలు. చదివితే తేలిందేమంటే, ఆ కేసులో వాటాలు నిర్ణయించుకుంటూ అందరూ సంతకాలు పెట్టిన దస్తావేజు ఒకటుంది. ఒట్టి నోటి మాట కాదు. అవతలివాళ్లు హెడ్‌నోట్‌లోని ఒక్క వాక్యం ఎత్తి రాశారు. సీనియర్ గారు ఆ ఫోటోలను రెండుసార్లు జూమ్ చేసి చదివి, “బాగుంది” అన్నారు. ఆయన నోట బాగుంది అన్న మాట వినడం నాకు అదే మొదలు.

కాంట్రాక్టు

ఈ గొడవంతా అయ్యాక డేటాబేస్ చందా రెన్యువల్ కాగితాలు వచ్చాయి. ఆరేళ్లుగా నేనే సంతకం పెట్టి పైకి పంపుతున్నాను. ఈసారి కూర్చుని మొత్తం చదివాను, పద్నాలుగు పేజీలు. ఎవరు వాడవచ్చో చెప్పే నిబంధనలో విద్యార్థులు, అధ్యాపకులు, సిబ్బంది తర్వాత ఇంకో వాక్యం ఉంది: లైబ్రరీ అనుమతితో లోపలికి వచ్చి, లైబ్రరీ కంప్యూటర్ మీదే చూసుకునే సందర్శకులు కూడా. ఇంటినుంచి లాగిన్ ఇవ్వకూడదు, అంతే.

అంటే ఆ సోమవారం అమ్మాయిని స్క్రీన్ ముందు కూర్చోబెట్టి ఉండవచ్చు. రూల్ ఒప్పుకోదని చెప్పింది నేను, కాంట్రాక్టు కాదు. వేరే కాలేజీల కాంట్రాక్టులు ఇలాగే ఉంటాయని చెప్పలేను, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. వాళ్లవి వాళ్లు చదువుకోవాలి.

ఇప్పుడు కౌంటర్ పక్కన ఒక కంప్యూటర్ బయటివాళ్ల కోసం పెట్టాం. బార్ కార్డు చూపించి, రిజిస్టర్లో రాసి కూర్చోవచ్చు. రిఫరెన్స్ వ్యాఖ్యాన గ్రంథాల వెన్ను మీద ముద్రణ సంవత్సరం పెద్ద అంకెల్లో ఎర్ర లేబుల్ అంటించాం. పాత ఎడిషన్లు తీసెయ్యలేదు. 1998లో చట్టం ఎలా ఉందో చూడాల్సినవాళ్లకు అవే కావాలి. పక్క అరలోకి మార్చాం. బిల్లు పాసవకపోయినా వ్యాఖ్యానాల కొత్త ఎడిషన్లు పెన్సిల్ నంబరు వేసి అరలోకి పంపేస్తున్నాను. ఆడిట్ వాళ్లు ఏమంటారో చూడాలి.

దావా విచారణలో ఉంది. ఆవిడ సాక్ష్యం అయిపోయింది. పసుపు కుంకుమల సంగతి మీద క్రాస్ ఎగ్జామినేషన్ గట్టిగానే నడిచిందట.

మొన్న వేసవి సెలవులకు ముందు ఒక కుర్ర లాయర్ వచ్చాడు. ఎస్‌సీసీ 2020 తొమ్మిదో సంపుటం కావాలన్నాడు. “నోటి పంపకం మీద ఏమైనా ఉందా సార్?” అని అడుగుతూ మాటల్లో తన సీనియర్ పేరు చెప్పాడు. అవతలి పెద్దాయన. ఈ అబ్బాయి కూడా మా దగ్గర చదివినవాడే, ఒక ఏడాది వెనక బ్యాచ్.

“ఉంది, కూర్చో” అని లోపలికి వెళ్లాను. సంపుటం తీస్తే 137వ పేరా దగ్గర ఒక పల్లెవెలుగు బస్సు టికెట్ అడ్డం పెట్టి ఉంది. మార్జిన్లో పెన్సిల్‌తో సన్నగా ‘పాసుపుస్తకం?’ అని రాసి, కింద గీత. అమ్మాయి చేతిరాతే. టికెట్ తీసి జేబులో వేసుకున్నాను. రబ్బరు తెచ్చి ఆ పెన్సిల్ రాత చెరిపేశాను, కాగితం నలగకుండా, మెల్లిగా. దుమ్ము ఊది, సంపుటం తెచ్చి అబ్బాయి ముందు పెట్టాను.

“మొదటి పేజీ నుంచి చదువుకో నాయనా” అన్నాను.